రొట్టె ఆమెది, బల్ల వాళ్ళది

మా టీచరాంటీ పోయిందన్న కబురు నాకు రైల్లో అందింది. ఫ్రీమాంట్‌లో ఎక్కి శాంటా క్లారాలో ఆఫీసుకు వెళ్తున్నాను. మా సంఘం వాట్సాప్ గ్రూపులో పాస్టరంకుల్ పెట్టిన మెసేజ్: "మన ప్రియ సహోదరి, చివరి శ్వాస వరకు మనతో సహవాసంలో నిలిచిన విశ్వాసురాలు, ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు." దాని కింద అప్పటికే దండాల బొమ్మలు, తెల్ల పావురాలు బారులు తీరాయి.

నాకు ఏడుపు రాలేదు. "మనతో సహవాసంలో" అన్న మాట దగ్గర ఆగిపోయాను. కిటికీ బయట ఉప్పు మడులు వెనక్కి పోతున్నాయి. పక్క సీటులో అతను ల్యాప్‌టాప్ తెరిచి ఎవరికో మీటింగ్ ఉందని చెబుతున్నాడు. నేను ఆ వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. ఇది రాయడానికి మీకు చేతులెలా వచ్చాయి అంకుల్?

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మా సంఘంలో నెల మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. రొట్టె విరిచి, ద్రాక్షరసం చిన్న కప్పుల్లో పంచుకుని, ప్రభువు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటాం. ఎవరైనా తప్పు చేశారని సంఘ పెద్దలు తేలిస్తే, సరిచేసుకునేదాకా బల్లకు దూరంగా ఉండమంటారు. మాలో ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. టీచరాంటీని ఏడాదికి పైగా అలా దూరం పెట్టారు. పోయేలోపు ఒక్కసారైనా తనవాళ్ళందరితో కలిసి ఆ బల్లలో తినాలని ఆవిడ ఆశపడింది. తన కోసం ఆవిడ ఇంకేదైనా అడగ్గా నేను వినలేదు. అది దొరకకుండానే పోయింది. సహవాసంలో నిలిచిందట.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మేం ఇండియా నుంచి ఇక్కడికి, కాలిఫోర్నియాకి వచ్చాం. మా సంఘానికి సొంత మందిరం లేదు, ఇప్పటికీ లేదు. ఒక అమెరికన్ చర్చి హాలును ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుంటాం. వాళ్ళ కాఫీ వాసన పోకముందే మా సాంబారు వాసన మొదలవుతుంది. పక్కనున్న పిల్లల గదిలో, మూడేళ్ళవాళ్ళ కోసం చేసిన ప్లాస్టిక్ కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా కూర్చుని టీచరాంటీ మాకు పాఠం చెప్పేది. గుంటూరులో నర్సుగా మొదలుపెట్టి ఇక్కడి హాస్పిటల్లో రిటైరైన మనిషి. ఆవిడ భర్త ఎప్పుడో పోయారు. ఒక్కడే కొడుకు, దేశం ఆ చివర జార్జియాలో కమ్మింగ్‌లో ఉంటాడు. మిగతా ప్రపంచమంతా మేమే.

బైబిల్ వాక్యం ఇంగ్లీషులో చదువుతామంటే ఒప్పుకునేది కాదు. "ఇంగ్లీషులో మీకు నోరు తిరుగుద్ది, మనసు తిరగదు" అనేది. అందుకని ముందు తెలుగు అక్షరాలు దిద్దించింది. ఇండియాలో ఇంగ్లీషు మీడియంలో చదివొచ్చిన నాకు తెలుగు రాయడం కాలిఫోర్నియాలో వచ్చింది. ఇప్పుడు మీరు చదువుతున్న అక్షరాలు ఆవిడ చెయ్యి పట్టి రాయించినవే. వాటితో నేను ఇలాంటివి రాస్తానని అనుకుని ఉండదు. లేక అనుకుందేమో, ఆవిడ సంగతి చెప్పలేం.

మావాళ్ళ ప్రార్థనలు చాలా పొడుగు. ఒకరు మొదలుపెడితే ఆదాము దగ్గర్నుంచి వీసా స్టాంపింగ్ దాకా వస్తారు. టీచరాంటీ ప్రార్థన మాత్రం ఊపిరి పీల్చి వదిలేలోపు అయిపోయేది. "ప్రభువా, ఈ పిల్లలకి ఆకలేస్తంది. వడ్డించేవాళ్ళకి తొందర పుట్టించు. ఆమేన్."

ఒకసారి క్లాసులో మా అందరికంటే చిన్నవాడు అడిగాడు. "ఆంటీ, హోలీ అంటే ఏంటి? చర్చ్‌లో నవ్వొద్దు, అదేనా?"

"ఎవడు చెప్పాడ్రా నీకు?"

"ఎవ్వరూ చెప్పలేదు. అంకుల్స్‌ని చూశా."

ఆవిడ కుర్చీతో సహా వెనక్కి పడిపోయేంతగా నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని తన రెండు చేతులూ చాపి చూపించింది. "హాస్పిటల్లో ఆపరేషన్‌కి ముందు మోచేతుల దాకా కడుక్కుంటాం. ఎందుకు? చేతులు అందంగా కనపడాలనా? ఎదుటి మనిషి పుండు ముట్టుకోవాలి కాబట్టి. పరిశుద్ధత అంటే అదిరా. చేతులు కడుక్కుని జేబులో పెట్టుకు తిరగడానికి కాదు."

ఆవిడ్ని మరీ మెత్తని మనిషిని చేసి రాయలేను. చాదస్తం చాలానే ఉండేది. సినిమా పాట హమ్ చేస్తే ఊరుకునేది కాదు. కాలేజీలో ఉన్నప్పుడు నేను నీలం రంగు నెయిల్ పాలిష్ వేసుకుని వెళ్తే, "ఏందే ఆ గోళ్ళు? కాకులు పొడిచిన నేరేడుపళ్ళల్లే ఉన్నయ్" అంది, పదిమంది ముందు. నేను కాలేజీలో మేజర్ సబ్జెక్టు మార్చినప్పుడు, ఉద్యోగం మానేసినప్పుడు, ఇంకో ఉద్యోగం కూడా మానేసినప్పుడు మా ఇంట్లో ఉపవాస ప్రార్థనలు పెట్టారు. ఆవిడ ఫోన్ చేసి, "ఎక్కడా కాలు నిలవదేందే నీకు? సర్లే, శనివారం రా, పిండి జల్లించాలి" అంది.

ఆ పిండి బల్లలో పెట్టే రొట్టె కోసం. నెల మొదటి ఆదివారానికి ముందురోజు మధ్యాహ్నం ఆవిడ ఆ రొట్టె చేసేది. గోధుమపిండి, నీళ్ళు, చిటికెడు ఉప్పు, కాస్త నూనె. పులిసిన పిండి వాడకూడదని మావాళ్ళ పట్టింపు. చేతి గడియారం తీసి కిటికీలో పెట్టి, సబ్బు నురగ మోచేతుల దాకా పట్టించి, కడుక్కుని, అప్పుడు పిండిలో చెయ్యి పెట్టేది. కలుపుతున్నంతసేపు ఫోనెత్తేది కాదు, ఎవరి సంగతీ మాట్లాడేది కాదు. చపాతీ కంటే మందంగా ఒత్తి, విరవడానికి వీలుగా చాకుతో గీతలు పెట్టి ఓవెన్లోకి తోసేది. "ఒక్క ముక్క పెట్టండాంటీ" అంటే "రేపు అందరితో" అనేది.

ఆదివారం ఎవరో ఇద్దరు బల్ల మీద ఖాళీ పళ్ళెం, కప్పులు సర్ది, పైన తెల్లగుడ్డ కప్పి వెళ్ళిపోయేవాళ్ళు. జనం రాకముందే ఆంటీ వంటగది తలుపులోంచి వచ్చి, గుడ్డ కొస ఎత్తి, రొట్టె పళ్ళెంలో పెట్టి, గుడ్డ సరిచేసి పిల్లల గదికి వెళ్ళిపోయేది. ఆరాధన చివర పెద్దలు గుడ్డ తీసేసరికి రొట్టె ఉండేది. ప్రతిసారీ ఉండేది కాబట్టి అది ఎక్కణ్ణుంచి వస్తుందని ఎవరూ అడగలేదు. నేలలోంచి నీళ్ళు వచ్చినట్టు వస్తుందనుకున్నారేమో.

నిరుడు వేసవి అయిపోతుండగా, ఒక పనిరోజు ఉదయం, మా సంఘంలో కీబోర్డు వాయించే అన్న భార్య ఆంటీ తలుపు కొట్టింది. నేను ఆమెను అక్కా అంటాను. వరంగల్ అమ్మాయి. పెళ్ళయి రెండేళ్ళు. డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు, డ్రైవింగ్ రాదు, ఫోను కూడా ఆయన దగ్గరే. నడుచుకుంటూ వచ్చింది. ఎడమ చెవిలోంచి కారిన రక్తం మెడ మీద ఎండిపోయి ఉంది. ఆంటీ తలుపు తీసి ఆ చెవి చూసి, "ఎన్నాళ్ళ నుంచి?" అని ఒక్కటే అడిగింది. తర్వాత డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. తీసుకొచ్చి అన్నం పెట్టింది. కొడుకు వస్తే పడుకునే గది ఇచ్చింది.

ఆ శనివారం పాస్టరంకుల్, ఇంకో పెద్దాయన వచ్చారు. పాస్టరంకుల్ వారమంతా శాంటా క్లారాలో ఒక కంపెనీలో డైరెక్టరు, ఆదివారం మాకు కాపరి. రెండుచోట్లా ఒకే గొంతు వాడతారు. నేను వంటింట్లో టీ పెడుతున్నాను.

"అమ్మగారూ, మీరు పెద్దవారు. మీకు మేం చెప్పాలా? అమ్మాయిని పంపించేయండి. ఫ్యామిలీ అన్నాక చిన్న చిన్నవి ఉంటాయి. మేం కౌన్సెలింగ్ చేస్తాం."

"చెవిలోంచి రక్తం కారింది పాస్టరు గారూ. అది చిన్నదో పెద్దదో మీరే చెప్పండి."

"మన కీబోర్డు తమ్ముడు తప్పు ఒప్పుకున్నాడమ్మా. మా ముందు కన్నీళ్ళతో ప్రార్థన చేశాడు."

"ఏడ్చాడా? మంచిదే. ఈ పిల్ల ఎక్కడ ఉండాలో ఆ ఏడుపు చెప్పుద్దా?"

రెండో పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "సిస్టర్, ఒక ఇల్లు విడగొట్టడం పరిశుద్ధులు చేసే పని కాదు."

"నేను ఏదీ విడగొట్టలా. తలుపు తీశా. అంతే. టీ తాగండి, చల్లారుద్ది" అంది.

మరుసటి వారం ఫోన్లో తీర్పు వచ్చింది. అమ్మాయిని భర్త దగ్గరకు పంపి, సంఘం ముందు నిలబడి పొరపాటు ఒప్పుకునేదాకా టీచరాంటీ బల్లకు దూరంగా ఉండాలి. పిల్లల క్లాసు కూడా తీసేశారు. కొట్టినవాడికి ఏ శిక్షా లేదు. అతను పశ్చాత్తాపపడ్డాడట. పైగా మా సంఘంలో కీబోర్డు వచ్చినవాడు ఇంకొకడు లేడు.

తర్వాతి నెల శనివారం నేను ఆవిడ్ని ఓదారుద్దామని వెళ్ళాను. గడియారం కిటికీలో ఉంది. ఆవిడ పిండి కలుపుతోంది.

"ఏం చేస్తున్నారాంటీ?"

"కనపట్టంలా?"

"మీరు తినకూడని రొట్టె మీరెందుకు చెయ్యాలి? మీకేమైనా మతి పోయిందా?"

"బల్లలో తినొద్దన్నారు. రొట్టె చెయ్యొద్దని ఎవరూ అనలా."

"అనరు! చేసేది మీరని వాళ్ళకి తెలిస్తే కదా అనడానికి!"

"తెలీకపోతే పోన్లే. తెలిసి తిన్నా తెలీక తిన్నా కడుపులోకేగా పోయేది."

"వాడు కూడా తింటాడు."

ఆవిడ చేతులు ఆగాయి. "తింటాడు" అంది. తర్వాత లేచి చేతులు మళ్ళీ మొదట్నుంచీ కడుక్కుంది. "కోపం రావాలే పిల్లా. ఇలాంటివి చూసి కోపం రానోళ్ళని చూస్తే నాకు భయం. కానీ కోపంతో పిండి కలపబాక. ఉప్పెక్కువ పడుద్ది."

ఆదివారం ఆవిడ బల్ల రోజుకు కట్టుకునే తెల్లచీరే కట్టుకుని, ఎప్పుడూ కూర్చునే మొదటి వరసలోనే కూర్చుంది. పళ్ళెం వచ్చింది. రెండు చేతులతో అందుకుని, ఏమీ తీసుకోకుండా, పక్కావిడకు అందించింది. ఆ పక్కావిడ కళ్ళు దించుకుని ముక్క తీసుకుంది. వెనక మెల్లగా సంగీతం. పళ్ళెం అతని దగ్గరకు వెళ్ళినప్పుడు, అతను కుడిచేత్తో వాయిస్తూనే ఎడమచేత్తో ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. పాట తప్పలేదు. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. నేను మూసుకోలేదు.

ప్రతి నెలా ఇదే. ప్రతి నెలా ఇంటికి వెళ్ళేటప్పుడు కార్లో, "ఈసారి పిలుస్తారనుకున్నానే" అనేది. మళ్ళీ తనే, "వచ్చే నెల చూద్దాం."

"వాళ్ళు పిలవరాంటీ."

"పిలుస్తారు. వాళ్ళ పిల్లలందరికీ నేనే కదా చెప్పింది. ఏదో ఒక పిల్లకాయ అడగడా ఇంట్లో?"

"ఇంకో చర్చికి వెళ్దాం. మీ వీధిలోనే ఉంది. అక్కడ ఎవరూ ఏమీ అడగరు, అందరికీ ఇస్తారు."

"ఇస్తారు. ఇంట్లో అన్నం పెట్టకపోతే హోటల్‌కి పోయి తినొచ్చు. కడుపు నిండుద్ది. కానీ ఇంట్లో కంచం ఖాళీగానే ఉంటదిగా?"

ఆ ఆశ చూస్తే నాకు ఒళ్ళు మండేది. పెద్దల మీద ఎంత కోపమో, ఆవిడ నిరీక్షణ మీదా అంతే కోపం. తన్నినవాళ్ళ గుమ్మం దగ్గరే నిలబడే ఆశ ఏం ఆశ అనుకునేదాన్ని. ఇప్పటికీ కొంత అలాగే అనుకుంటాను. కాకపోతే ఒక సంగతి ఆలస్యంగా కనిపించింది. ఆవిడ వెనక వరసకు వెళ్ళలేదు. ఇంటి దగ్గర కూర్చోలేదు. పళ్ళెం ఆ రెండు చేతులు దాటకుండా ఎవరికీ అందలేదు. వాళ్ళు చేసింది నెలనెలా వాళ్ళ కళ్ళముందే పెట్టింది, నోరు విప్పకుండా, తెల్లచీరలో. మొదటి వరసలో ఆవిడ ఎదురుచూస్తూ కూర్చుంటే, పాస్టరంకుల్ ఆ గంటసేపూ హాలు కుడివైపే చూసి వాక్యం చెప్పేవారు. ఆవిడ కూర్చునేది ఎడమవైపు.

చలికాలంలో పాంక్రియాస్ క్యాన్సరని తెలిసింది. ఆవిడ స్కాన్ చూసి డాక్టరు కంటే ముందే తల ఊపిందట. అప్పటికి అక్క ఆంటీ పాత కారులో డ్రైవింగ్ నేర్చుకుంది. హాస్పిటల్‌కు తీసుకెళ్ళింది, స్నానం చేయించింది, జావ కాచింది. సంఘంలో వంతులు వేసుకుని సాంబారు, పప్పు తెచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే గిన్నె పెట్టి, అక్క మొహం చూడకుండా వెళ్ళేవాళ్ళు. చివరి నెలల్లో ఆంటీకి పిండి కలిపే బలం లేదు. కుర్చీ వంటింట్లో వేయించుకుని, "ఇంకొంచెం నీళ్ళు. పిసుకు. అన్నం పిసికినట్టు కాదమ్మా, బట్టలుతికినట్టు" అని చెబుతుంటే అక్క కలిపింది. తీసుకెళ్ళి గుడ్డ కింద పెట్టింది నేను. వాళ్ళు దోషి అన్న మనిషి చేసిన రొట్టెను, ఇంటికి పొమ్మన్న మనిషి కలిపిన రొట్టెను, అందరూ కళ్ళు మూసుకుని తిన్నారు.

పోయే ముందు వారం పాస్టరంకుల్ ప్రార్థన చేయడానికి ఇంటికి వచ్చారు. నేను మంచం పక్కన ఉన్నాను. ఆయన కూర్చోగానే ఆవిడ అడిగింది.

"పాస్టరు గారూ, బల్ల ఇవ్వండి నాకు."

ఆయన తల దించుకున్నారు. "నాకూ ఇవ్వాలనే ఉందమ్మగారూ. ఒక్క మాట అనండి. పొరపాటైంది అనండి చాలు. అందరి ముందూ అక్కర్లేదు. నాతో అనండి."

"దేన్ని పొరపాటనమంటారు?"

"జరిగినదాన్ని."

"జరిగినదాంట్లో పొరపాటు చేసినోడు ప్రతి ఆదివారం మీ పక్కనే కూర్చుని వాయిస్తన్నాడు బాబూ."

అక్క ఎప్పుడొచ్చిందో తలుపులో నిలబడి ఉంది. చేతులకు పిండి. "నేను వోత అంకుల్. ఇప్పుడే సామాన్లు తీస్కొని వోత. ఆంటీకి బల్ల ఇయ్యిండ్రి. నా వల్ల ఆమెకు గిదంత ఎందుకు?"

పాస్టరంకుల్ తలెత్తి అక్క వైపు చూశారు. ఆ చూపులో ఊరట ఉంది. నేను చూశాను, ఎవరు కాదన్నా చూశాను.

దిండు మీద తల ఎత్తలేని మనిషి ఎక్కడ తెచ్చుకుందో అంత గొంతు. "నోర్ముయ్! లోపలికి పో. నిన్ను దెబ్బలు తినడానికి పంపించి నేనిక్కడ రొట్టె తినాలా? గొంతు దిగుద్దా నాకు?"

పాస్టరంకుల్ చాలాసేపు ప్రార్థన చేశారు. ఆవిడ ఆత్మ కోసం, మనసు మెత్తబడడం కోసం. లేచి బ్యాగు సర్దుకుంటుంటే లోపల కనిపించాయి, చిన్న గాజుకప్పులు, ద్రాక్షరసం సీసా, మూత పెట్టిన ప్లాస్టిక్ డబ్బా. అన్నీ తెచ్చుకునే వచ్చారు. ఆ డబ్బాలో ఉన్నది ఆ ఆదివారం బల్లలో మిగిలిన రొట్టె. ఈ ఇంట్లో, పక్క గదిలోని ఓవెన్లో కాలిన రొట్టె. దాన్ని ఈ ఇంటికే తెచ్చి, ఆవిడకు పెట్టకుండా జిప్పు వేసుకుని తీసుకుపోయారు.

కారు వెళ్ళిన చప్పుడు వినిపించాక నేనన్నాను. "నేనిస్తానాంటీ. రొట్టె ఉంది, ద్రాక్షరసం ఉంది. మధ్యలో వీళ్ళెవరు?"

ఆవిడ కళ్ళు తెరిచి నా చేతుల వైపు చూసింది. "నువ్వా? ముందు ఆ గోళ్ళ రంగు తుడుచుకు రా పో." నవ్వబోయి దగ్గింది. అక్క వచ్చి తల పైకెత్తి నీళ్ళు పట్టింది. ఊపిరి కుదురుకున్నాక, "వద్దులే నాన్నా" అంది. "ఒక్కదాన్నే తింటే అది భోజనం. అందరితో తింటేనే బల్ల. ఇక్కడ కుదరకపోతే అక్కడ తింటా. అక్కడ వడ్డించేది మీ పాస్టరంకుల్ కాదుగా."

ఆ మాటకు మేం ముగ్గురం నవ్వాం. ఆ నవ్వును కూడా నేను వాళ్ళకు క్షమించలేదు. చచ్చిపోయే మనిషి మమ్మల్ని నవ్వించాల్సి వచ్చింది.

జ్ఞాపకార్థ కూడికకు ముందు పాస్టరమ్మగారు ఫోన్ చేశారు. "నువ్వంటే ఆవిడకి ఇష్టం కదమ్మా, ఒక రెండు నిమిషాలు మాట్లాడు. కొంచెం పాజిటివ్‌గా ఉండాలి, సరేనా? ఎవరినీ బాధపెట్టే విషయాలొద్దు."

"రెండు నిమిషాల్లో పట్టదాంటీ" అన్నాను.

అందుకే మైకు దగ్గరకు వెళ్ళలేదు. ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు పాస్టరంకుల్ "పరిశుద్ధంగా జీవించి, నిరీక్షణతో నిద్రించిన తల్లి" అని గొంతు బొంగురుపోయేలా చెప్పారు. ఏడుపు నటన కాదు, అదే నాకు మరీ కోపం. అతను కీబోర్డు వాయించాడు. కమ్మింగ్ నుంచి వచ్చిన కొడుకు మైకు తీసుకుని, "నేను దూరంగా ఉన్నా మీరంతా మా అమ్మకి ఫ్యామిలీలా ఉన్నారు, థాంక్యూ" అన్నాడు. తనను బల్లకు దూరం పెట్టారని కన్నకొడుక్కి కూడా ఆవిడ ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే వాడు చర్చికి దూరమవుతాడని భయపడి ఉంటుంది. అక్క ఆఖరి వరసలో కూర్చుంది. ఆమె పక్క కుర్చీలు రెండువైపులా ఖాళీగా ఉన్నాయి. ఒకవైపు నేను వెళ్ళి కూర్చున్నాను.

తర్వాత మొదటి ఆదివారం వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం నేను ఆంటీ ఇంట్లోనే ఉన్నాను. కొడుకు ఇల్లు అమ్మేదాకా అక్కను ఉండమన్నాడు. అక్క పిండి డబ్బా దించి నా వైపు చూసింది.

"చేద్దామా?"

"వద్దు."

"ఆంటీ ఉంటే తిట్టేది."

"తిట్టనీ."

అక్క డబ్బా మళ్ళీ పైన పెట్టేసింది. వెళ్ళి చేతులు కడుక్కుంది, పిండి ముట్టుకోకపోయినా.

ఆదివారం హాలు నిండింది. కప్పులు సర్దారు, పళ్ళెం పెట్టారు, తెల్లగుడ్డ కప్పారు. పాటలయ్యాయి, వాక్యం అయింది. పాస్టరంకుల్ బల్ల దగ్గరకు వచ్చి, పక్కన మిగతా పెద్దలు నిలబడగా, కళ్ళు మూసుకుని రొట్టె కోసం దేవునికి కృతజ్ఞతలు చెల్లించారు. చాలాసేపు చెల్లించారు. అందరూ ఆమేన్ అన్నారు. గుడ్డ తీశారు.

పళ్ళెంలో ఏమీ లేదు.

కీబోర్డు ఇంకో రెండు స్వరాలు మోగి ఆగింది. పాస్టరంకుల్ గుడ్డను ఎత్తి పట్టుకునే ఉన్నారు. పళ్ళెం పక్కకు జరిపారు. రెండో పెద్దాయన వంగి బల్ల కిందికి చూశారు. "రొట్టె ఎవరిది ఈ నెల?" అని ఒకరి చెవిలో ఒకరు అడుగుతున్నారు, ఎవరి నోటా పేరు రావడం లేదు. పాస్టరమ్మగారు లేచి నిలబడి, ఎటు వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చున్నారు. ఎవరి ఒళ్ళోనో పిల్లవాడు ఆకలేస్తోందన్నాడు. అప్పుడు ఒకరి తర్వాత ఒకరు, ముందు పెద్దలు, తర్వాత మొదటి వరస, తర్వాత హాలంతా, తలలు తిప్పి వంటగది తలుపు వైపు చూశారు. తలుపు సగం తెరిచి ఉంది. లోపల లైటు వెయ్యలేదు.